ఆముదం బొమ్మ

ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి మిషను దగ్గర పనిచేసే ఆవిడని అందరూ ఆవిరమ్మ అనేవారు. అసలు పేరేమిటో జీతాలిచ్చే గుమాస్తాకి తెలిసుండాలి, మిగతావాళ్ళకి ఆ అవసరం రాలేదు. పొట్టి మనిషి. మాట పొదుపు. ఏళ్ళ తరబడి వేడి దుప్పట్లు పట్టుకుని పట్టుకుని వేళ్ళ కొసలు కాయలు కాచిపోయాయి. టీ గ్లాసు ఎంత కాలుతోందో పెదవికి ఆనిస్తే తప్ప తెలిసేది కాదు. తడి దుప్పటిని రోలర్ల మధ్య పెట్టడం, అవతల నుంచి పెళపెళలాడుతూ వచ్చినదాన్ని లాగి మడత పెట్టడం, ఇదే పని. పొద్దున్న ఒక రోగి కింద తడిసిన గుడ్డ మధ్యాహ్నానికి ఇంకో రోగి కింద పొడిగా ఉండాలి. ఆవిడ లోకంలో ఆరకుండా మిగిలిపోయే వస్తువంటూ లేదు.

మొగుడు పోయిన కబురు కూడా ఆ మిషను దగ్గరే అందింది. పక్కింటాయన పరుగున వచ్చి సూపర్వైజరు చెవిలో వేస్తే, సూపర్వైజరు వచ్చి ఆవిడ చెవిలో వేశాడు. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. అప్పటికి రోలర్లలో దుప్పటి సగం లోపల, సగం బయట ఉంది. వదిలేస్తే మాడిపోతుంది. ఆవిరమ్మ దాన్ని పూర్తిగా బయటికి రానిచ్చింది. లాగి, మడతపెట్టి, దొంతర మీద సర్ది, మిషను ఆపి, అప్పుడు చెప్పులు వేసుకుంది.

ఆ ఒక్క దుప్పటి ఆవిడ పరువు తీసింది. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా? మొగుడు పోయాడంటే దుప్పటి మడతపెట్టి మరీ బయల్దేరిందిట అన్న మాట ఆవిడకన్నా ముందు ఇల్లు చేరింది. చేరి, తిన్నగా చిట్టి చెవిన పడింది.

చిట్టి అంటే ఆవిరమ్మ ఆడపడుచు, పోయినాయనకి ఒక్కగానొక్క చెల్లెలు. యాభై దాటినా, మనవల్ని ఎత్తుకున్నా, చిట్టి చిట్టే. ఆ మనిషికి కుళాయి తిప్పినట్టు ఏడుపొస్తుంది. అందులో నటనేమీ లేదు, పాపం నిజంగానే వస్తుంది. అన్నయ్య చెప్పులు చూసి ఏడ్చింది, గొడుగు చూసి ఏడ్చింది, సగం అరగదీసి వదిలేసిన సబ్బు ముక్క చూసి ఏడ్చింది. వదిన మాత్రం వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ, కుర్చీలు సర్దుతూ తిరిగింది. చూసి చూసి, ఉండబట్టలేక చిట్టి అందరి ముందూ అననే అంది.

“నువ్వు మనిషివా, రాయివా వదినా?”

ఆవిరమ్మ మంచినీళ్ళ గ్లాసులు కడగడానికి వెళ్ళింది.

దాచుకున్నది ఏమన్నా ఉంటే కదా చెప్పడానికి! ఏడుపు రాలేదు. కోపం రాలేదు. ఇకమీదట ఎలా అన్న బెంగ కూడా రాలేదు. వేళకి తినేది, తిన్నది ఉప్పగా ఉందో చప్పగా ఉందో పట్టించుకునేది కాదు. పనిలోకి వెళ్ళేది, వచ్చేది. మంచం మీద ఆయన పడుకునే వైపు ఖాళీగా ఉండేది, ఆవిడ తన వైపు తను పడుకునేది. నిద్ర కూడా పట్టేది. అదిగో, ఆ నిద్రే ఆవిడని అనుమానంలో పడేసింది. మొగుడు పోయినదానికి నిద్రెలా పడుతోంది? ఇన్నేళ్ళూ ఆ మనిషితో కాపురం చేసింది ప్రేమతోనా, అలవాటుతోనా? పక్కనున్న మనిషిని అడిగి తెలుసుకునే సంగతి కాదది. ఉన్నప్పుడు ఎప్పుడూ అనుకోలేదు, పోయాక ఆ ప్రశ్న ఒక్కటే తలలో మిగిలింది. దానికి జవాబు 'అలవాటే' అని వస్తుందేమోనని కూడా ఆవిడకి భయం వేయలేదు. వేయాలి కదా అని మాత్రం అనిపించింది.

ఇలా ఉండగా బొమ్మల మాస్టారు నుంచి కబురొచ్చింది.

పోయినాయన లారీల తూకం వేసే కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా బరువులు రాసి రాసి విసుగెత్తి, ఇంట్లో కూర్చోలేక, ఆదివారం ఆదివారం రంగుల బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వెళ్ళేవాడు. ఏం వేస్తున్నాడో ఆవిరమ్మ ఎప్పుడూ అడగలేదు. చొక్కా చేతికి నీలం మరక అంటించుకొస్తే వదలగొట్టేది, అంతే. వేస్తూ వేస్తూ వదిలేసిన బొమ్మ ఒకటి తన దగ్గరుందనీ, వచ్చి చూడమనీ మాస్టారి కబురు.

ఆ మాట వినగానే చిట్టి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అన్నయ్య చేత్తో వేసిన బొమ్మ తనకి కావాలంది. ముందు గదిలో, వచ్చే పోయే వాళ్ళందరికీ కనపడేలా పెట్టుకుంటానంది. “నీకెందుకు వదినా అది? నువ్వు దాని వంక చూస్తావా?” అని కూడా అంది. నిజమే కదా అనుకుంది ఆవిరమ్మ. తీసుకొచ్చిన రోజే ఇచ్చేస్తానని మాటిచ్చింది. ఇచ్చేస్తే ఇంట్లో ఒక వస్తువు తగ్గుతుంది, ఆడపడుచు నోరు మూతపడుతుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

మాస్టారి గది సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద. సన్నటి మెట్లు, గోడకి చేతులు ఆనించి ఎక్కాలి. కింద నుంచి రబ్బరు కాలిన వాసన, పై నుంచి టర్పెంటైన్ ఘాటు, మధ్యలో ఎక్కడో రెండూ కలుస్తాయి. మాస్టారు ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పినాయన. తెల్ల గడ్డం, రంగుల మరకల లుంగీ, చెవి మీద పెన్సిలు. ఆవిరమ్మని చూసి లేచి నిలబడి, ఓదార్పు మాటలు చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మానేసి, గోడవారగా పెట్టిన కాన్వాసు ఇటు తిప్పాడు.

ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావుడు వేసిన చిత్రానికి అచ్చుకాగితం ఒకటి మాస్టారి దగ్గర ఉంది. దాన్ని చూసి మక్కీకి మక్కీ దింపడమే అక్కడి చదువు. సాయంత్రం పూట ఒక ఏటి రేవు. చెట్ల మీద పచ్చటి ఎండ. మూడు ఆవులు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాగుతుంటాయి. ఒక కుక్క గట్టు మీద ఒళ్ళు విదుల్చుకుంటూ ఉంటుంది. ఒక మొగాడు గాడిదని పలుపు పట్టుకుని నీళ్ళలోకి లాగుతుంటాడు, అది రానంటుంది. గాడిద మీద ఒక ఆడమనిషి మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇదేమీ తన గొడవ కానట్టు ఎటో చూస్తుంటుంది. పోయినాయన ఆకాశం వేశాడు, చెట్లు వేశాడు, ఆవుల్నీ, కుక్కనీ, నీళ్ళనీ, గాడిదనీ, దాన్ని లాగే మనిషినీ వేశాడు. ఆడమనిషి ఉండాల్సిన చోటు మాత్రం తెల్లగా వదిలేశాడు. మొహాలంటే భయమని, తర్వాత వేస్తానని, అలా వాయిదాలు వేస్తూ వచ్చాడట.

బాగుంది అందామంటే బాగుందో లేదో ఆవిరమ్మకి తెలియలేదు. పట్టుకుపోతానని చెయ్యి చాచింది. మాస్టారు అడ్డం వచ్చాడు.

“ఇంకా ఆరలేదమ్మా. ముట్టుకుంటే చెదిరిపోతుంది. వచ్చే వారం రండి.”

వచ్చే వారం వెళ్ళింది. ఆరలేదు. ఆ పై వారం వెళ్ళింది. మాస్టారు చిటికెన వేలు మడిచి, వెనక వైపుతో గాడిద వీపుని తాకి చూశాడు, వేలికి బూడిద రంగు అంటుకుంది. ఆరలేదు. నూనె రంగులు నీళ్ళ రంగుల్లా కావనీ, గాలి పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడతాయనీ, కొందరి బొమ్మలు మూడేసి నెలలు పడతాయనీ చెప్పాడు. నిమిషంలో దుప్పటి ఆరబెట్టే మనిషికి ఈ వేదాంతం మింగుడు పడలేదు. ఇంటికెళితే చిట్టి ఫోను. బొమ్మేదీ? ఆరలేదు. ఆరకపోవడమేమిటి వదినా, ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అలా వారం వారం ఇదే పాట.

మెట్లెక్కి వచ్చిన మనిషి వెంటనే దిగిపోవడం బాగుండదని ఆవిరమ్మ కాసేపు కూర్చునేది. ఊరికే కూర్చుంటే చేతులు ఏం చేయాలో తెలిసేది కాదు. మాస్టారు అది గమనించి ఒక చిన్న అట్టముక్క, ఒక కుంచె ఆవిడ ముందు పెట్టాడు. నేర్చుకోమని అనలేదు. ఆరేదాకా ఇలా గియ్యండి, దోమల్ని తోలుకున్నట్టయినా ఉంటుంది అన్నాడు. ఆవిడ సరేనంది. సరేననడానికీ వద్దనడానికీ ఆవిడకి ఆ రోజుల్లో తేడా ఏమీ లేదు.

అలా మొదలైంది చదువు. అచ్చుకాగితం మీద గళ్ళు, అట్ట మీద గళ్ళు. ఏ గడిలో ఏముంటే ఆ గడిలో అదే. తర్వాత మట్టి గోధుమ రంగు టర్పెంటైన్‌లో పల్చగా కలిపి నీడలన్నీ పూయడం, వెలుగు ఉండాల్సిన చోట పాత గుడ్డతో తుడవడం. తుడవడం ఆవిడకి వచ్చిన పనే. దాని మీద రంగులు. అక్కడో సూత్రం ఉంది, మాస్టారు దాన్ని నిద్రలో లేపినా చెబుతాడు. కింద పల్చన, పైన జిడ్డు. అడుగు పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో అవిసె నూనె ఎక్కువ. తిరగేశావో, పైది ముందు ఆరి కింది పొర కదిలినప్పుడల్లా బీటలు వారుతుంది.

ఆవులు ఆవిడ చేతిలో కాళ్ళు మొలిచిన బల్లల్లా వచ్చాయి. జంతువుని కాళ్ళ దగ్గర మొదలుపెట్టకూడదట, మెడ నుంచి తోక దాకా వెన్ను గీత పట్టుకోవాలట. అది తెలిశాక ఆవులు కాస్త దారిన పడ్డాయి. గాడిద దారిన పడలేదు. అవసరం వస్తే గాడిద కాళ్ళయినా పట్టుకోవాలంటారు, ఆవిరమ్మకి ఆ కాళ్ళు గియ్యడమే రాలేదు. ఒక వారం కుక్కలా వచ్చింది, ఒక వారం మేకలా వచ్చింది. తీరా గాడిద గాడిదలా కుదిరాక మాస్టారు పలుపు చూపించాడు. తాడు వదులుగా వేసింది. దాంతో ఆ మొగాడు గాడిదని లాగుతున్నట్టు లేదు, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ షికారుకి బయల్దేరినట్టుంది. ఆవిడ తాడు తుడిచి, బిగించి వేసింది.

ఆ గదిలో ఆవిరమ్మ పక్క స్టాండు ఒక పళ్ళ డాక్టరుది. నున్నటి బట్టతల, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. ఆయన ఆవులు నవ్వుతాయి. ఎంత మొత్తుకున్నా, నోరు దగ్గరికి వచ్చేసరికి వృత్తి అడ్డొచ్చి రెండు వరసల పళ్ళు చక్కగా పేర్చేస్తాడు. మాస్టారు పోయినాయన సంగతి చెప్పి ఉంటాడు, ఒక ఆదివారం ఆయన నెమ్మదిగా ఎలా ఉన్నారమ్మా అని అడిగాడు. ఎవరడిగినా బాగున్నాననే ఆవిరమ్మ ఎందుకో ఆయనతో నిజం చెప్పింది. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ మనది కానట్టుంటుంది కదా, నాకు ఒళ్ళంతా అలా ఉంది అంది. పళ్ళ డాక్టరు నమలడం ఆపాడు.

“మత్తు ఉన్నంతసేపూ ఫరవాలేదమ్మా. దిగేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. తెలియకుండా నాలిక కొరుక్కుంటారు.”

ఆవిడ తలూపి కుంచె కడుక్కుంది.

ఎండాకాలం వెళ్ళింది, వానలొచ్చాయి. ఆవిరమ్మ అట్ట పూర్తయింది. ఆవిడ గాడిద మీద ఆడమనిషి కూడా కూర్చుంది. మొహం గోరంత ఉంటుంది, రెండు మచ్చలు, ఒక గీత, అంతే కదా, భయపడడానికేముంది అనుకుంటూ వేసేసింది. అదీ ఆరిపోయింది. గోరుతో గీకినా రాదు. ఆయన కాన్వాసు మీద ఆకాశం ఆరింది, చెట్లు ఆరాయి, ఆవుల్లో ఒకటి ఆరింది. మిగతా రెండు ఆవులూ, నీళ్ళూ, గాడిదా అలాగే పచ్చిగా ఉన్నాయి. దుమ్ము పట్టింది. గాడిద చెవి మీద ఒక పురుగు అంటుకుని చచ్చిపోయింది. మాస్టారికి తన నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది తగల్లేదు. ఒక ఆదివారం ఆయన పంతం పట్టి, గాడిద పొట్ట దగ్గర కాస్త రంగు గీకి, గాజు పలక మీద రుద్ది, వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఇది అవిసె నూనె కాదన్నాడు.

పళ్ళ డాక్టరు వచ్చి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం ఆముదం తాగినట్టయిపోయింది.

“ఆముదం మాస్టారూ! చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి మరీ పట్టించేది. నేను మరిచిపోతానా!”

మాస్టారు తల పట్టుకున్నాడు. అవిసె నూనెకి ఆరే గుణం ఉంది కాబట్టే దాన్ని రంగుల్లో కలుపుతారు. ఆముదం ఏళ్ళు గడిచినా ఆరదు, జిడ్డు కారుతూనే ఉంటుంది. నూనె అయిపోతే అడగొచ్చు కదా ఆ పెద్దమనిషి! ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని సరిపెట్టుకున్నాడు కాబోలు.

ఆవిరమ్మకి మోకాళ్ళ నొప్పులు. రోజంతా మిషను దగ్గర నిలబడి వచ్చి, పడుకునే ముందు ఆముదం రాసుకుంటుంది. ఆయన పోయే ముందు కొన్నాళ్ళు ఆ సీసా ఎంత తెచ్చినా తరిగిపోయేది. ఎలుకలు గానీ తాగుతున్నాయా అని ఆవిడ ఒకరోజు గట్టిగా అడిగింది. ఆయన పేపరులోంచి తలెత్తకుండా, పాపం వాటికీ మోకాళ్ళ నొప్పులేమో అన్నాడు. ఆవిడ మర్నాడు ఎలుకల బోను తెచ్చి అలమార కింద పెట్టింది. ఆయన ఏమీ ఎరగనట్టు రోజూ పొద్దున్నే లేచి, ఏమన్నా పడిందా అని అందులోకి తొంగి చూసేవాడు.

నవ్వు వచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, ఆపుకోబోతే పొట్టలోంచి వచ్చింది. ఆవిరమ్మ స్టూలు మీద కూర్చుని, కుంచె పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. ఏమైందో తెలియక మాస్టారు మంచినీళ్ళు తెచ్చాడు. ఏమిటమ్మా, ఏమిటని పళ్ళ డాక్టరు అడుగుతుంటే, బోను, ఎలుకలు, రోజూ చూసేవాడు అని ముక్కలు ముక్కలుగా చెప్పింది. అది విని ఆయనా నవ్వాడు. నవ్వు తగ్గాక కోపం వచ్చింది. పిసినారి పీనుగ అని తిట్టుకోబోయి, ఆ మాట ఇప్పుడు తిట్టు కూడా కాకుండా పోయిందని తట్టి, నోరు మూసుకుంది. దాని తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ మామూలు అయిపోయింది. నీళ్ళు తాగి గ్లాసు కడిగి పెట్టింది.

మాస్టారు ఉన్న సంగతి చెప్పేశాడు. ఇది ఆరదు. ఆరుతుందని ఇంకా అబద్ధం చెబితే తనకి పాపం చుట్టుకుంటుంది. టర్పెంటైన్‌తో తుడిచేస్తే కింది గోధుమ రంగు గీతలు మిగులుతాయి, వాటి మీద ఆవిడే మళ్ళీ వేసుకోవచ్చు. లేదంటే ఇలాగే పట్టుకుపోయి ఎక్కడో బల్ల మీద పడుకోబెట్టుకోవచ్చు, గోడకి తగిలిస్తే జిడ్డు కిందికి కారుతుంది. ఏం చేస్తారో మీ ఇష్టం అన్నాడు.

ఇష్టం అనేది ఉంటే కదా. ఆవిరమ్మ ఆ సాయంత్రం చిట్టికి ఫోను చేసి, బొమ్మ ఆరదట, కావాలంటే ఇలాగే వచ్చి తీసుకెళ్ళు అంది. చిట్టి అల్లుడికి గాజు పనివాళ్ళు తెలుసు, అక్వేరియంలాగా అద్దాల పెట్టె చేయించి అందులో పెట్టిస్తానంది. మంచిదే అనుకుంది ఆవిరమ్మ. దుమ్ము పడదు.

మరుసటి ఆదివారం చిట్టి వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ బొమ్మ ముందు నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కని చూసి ఏడ్చింది. ఆవుల్ని చూసి ఏడ్చింది. గాడిదని లాగే మనిషి అచ్చం అన్నయ్యే అని, అతని మొహం వెనక్కి తిరిగి ఉన్నా సరే, ఏడ్చింది. ఆవిరమ్మ ఆడపడుచు కన్నీళ్ళు బొమ్మ మీద పడకుండా పక్కకి జరిపింది.

ఆటోలో పెడదామంటే లోపలికి పట్టలేదు, ఏటవాలుగా పెడితే సీటుకి అంటుకుంటుంది. నడిచి తీసుకెళ్ళడం తప్ప దారి లేదు. పళ్ళ డాక్టరు మెట్ల మీద సాయం పట్టి కింద దాకా దింపాడు. చిట్టి చేతులు వెనక్కి పెట్టి ముందు అంచు పట్టుకుంది, ఆవిరమ్మ వెనక అంచు పట్టుకుంది. బొమ్మ ఆకాశం వంక చూస్తూ పడుకుని ఉంది. అలా బయల్దేరారు. దారినపోయేవాళ్ళు వంగి వంగి చూశారు. ఒకాయన, గాడిద బాగుందమ్మా, మీద కూర్చున్న మనిషేది అని అడిగాడు. ఇద్దరూ ఆగకుండా నడిచారు.

చిట్టికి వాసన తగిలింది. ఏమిటా వాసన అంది. ఆవిరమ్మ ఆముదం సంగతి, ఎలుకల సంగతి, బోను సంగతి చెప్పింది. ఏడుస్తుందనుకుంది. చిట్టి నడిరోడ్డు మీద ఆగిపోయి పకపకా నవ్వింది. చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీసి, పిల్లి గీసిందని అమ్మకి చెప్పినవాడే కదా అంది. అమ్మ నమ్మిందా అని అడిగింది ఆవిరమ్మ. నమ్మడమా, పిల్లిని కట్టేయమంది అంది చిట్టి. ఇద్దరూ మళ్ళీ అడుగులు కలుపుకుని నడిచారు. చేతులు నొప్పెడుతున్నాయి. ఆవిరమ్మ కళ్ళ కిందే గాడిద ఉంది. ఎండ పడి దాని వీపు తడితడిగా మెరుస్తోంది. ఆయన ఇప్పుడే వేసి, చెయ్యి కడుక్కోవడానికి అవతలికి వెళ్ళినట్టుంది.

మందుల దుకాణం దగ్గర మలుపు వచ్చింది. కుడికి తిరిగితే చిట్టి ఇల్లు, ఎడమకి తిరిగితే ఆవిరమ్మది. చిట్టి కుడికి తిరిగింది. బొమ్మ తిరగలేదు.

“ఇటు వదినా” అంది చిట్టి, తల వెనక్కి తిప్పకుండానే. ఇంకోసారి లాగింది. అప్పుడు తల తిప్పి చూసింది.

ఆవిరమ్మ నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు. తిరగాలనే అనుకుంది. కాళ్ళు రాలేదు. వెనక ఒక బండివాడు హారన్ కొడుతున్నాడు.

“ఇవ్వను చిట్టీ” అంది.

“అదేమిటి? ఇస్తానన్నావుగా?”

“అన్నాను. ఇవ్వను. నా అట్ట తీసుకో, అదీ ఇదే బొమ్మ. ఆరిపోయింది కూడా.”

“నువ్వు వేసిన గాడిద నాకెందుకు వదినా! మా అన్నయ్యది కావాలి గానీ.”

“నాకూ ఆయనదే కావాలి” అంది ఆవిరమ్మ. ఆ 'ఆయన' దగ్గరే ఏడుపొచ్చింది. దుప్పటి మడతపెట్టిన రోజు నుంచి రానిదంతా ఒక్కసారే వచ్చింది. కళ్ళలోంచి, ముక్కులోంచి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చెయ్యి వదిలితే బొమ్మ ఒరిగిపోతుంది. నడివీధిలో, అందరూ చూస్తుండగా, నోరు తెరుచుకుని ఏడుస్తూ, రెండు చేతులతో బొమ్మ అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ఇవ్వను, ఇవ్వనంటే ఇవ్వను, నాదది అంటోంది.

చిట్టికి కూడా ఆ బొమ్మ కావాలి. ఆ పిచ్చిదానికీ ఉన్నది ఒక్క అన్నయ్యే. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి ఆవిడకీ చెయ్యి లేదు. వదిన మొహం కాసేపు చూసింది. ఇన్నాళ్ళూ ఏడవలేదని సాధించిన మనిషికి, ఇప్పుడు ఊరుకోమని ఎలా అనాలో తెలియలేదు. తన వైపు అంచుని కాస్త పైకి ఎగదోసుకుని, పట్టు సరిచేసుకుని, ఎడమకి తిరిగింది.

“పద. మీ ఇంట్లో మంచం మీద పెడదాం” అంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. “చూసి నడు వదినా, గుంట ఉంది.”